మైక్రోస్కోప్ ముందు కూర్చోవలసింది ప్రశ్న ఉన్నవారే

(ఉమ్మడి పరికరాల కేంద్రంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ శిక్షణకు కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

పరిశోధక విద్యార్థులకు, వారిని ఇక్కడికి పంపిన ఆచార్యులకు, ఈ కేంద్రంలో నాతోపాటు పనిచేస్తున్న సాంకేతిక సిబ్బందికి నమస్కారం.

మీలో చాలామంది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాలను ఇంతకు ముందే మీ వ్యాసాల్లోనో, సదస్సుల్లో చూపించిన స్లైడ్లలోనో వాడుకున్నవారే. అయితే ఆ చిత్రాలు తీసింది మీరు కాదు. శాంపిల్‌ను ఒక చిన్న సీసాలోనో జిప్ కవర్లోనో పెట్టి, దాని మీద ఒక కోడ్ రాసి, గైడు సంతకం చేసిన ఫారంతోపాటు పరికరాల కేంద్రంలో ఇచ్చి వచ్చారు. కొన్నాళ్ల తర్వాత నాలుగైదు చిత్రాలు మెయిల్లో వచ్చాయి. వాటిలో బాగున్నదాన్ని ఎంచుకున్నారు. మన దేశంలో దశాబ్దాలుగా ఎక్కువ చోట్ల పని ఇలాగే నడుస్తోంది. సొంతంగా పరికరం కొనే స్తోమత లేని విశ్వవిద్యాలయాలకు, కళాశాలలకు ఈ ఏర్పాటు వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. కానీ ఇది సరిపోదని, శాంపిల్ గురించిన ప్రశ్న ఎవరి మనసులో ఉందో వారే పరికరం ముందు కూర్చోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ శిక్షణ మొత్తం ఆ నమ్మకం మీదే నిలబడి ఉంది కాబట్టి దాని వెనకున్న కారణాలు మీకు చెప్పడం నా బాధ్యత.

రోజంతా ఒకదాని తర్వాత ఒకటిగా శాంపిళ్లు చూడవలసిన ఆపరేటర్‌కు మీ పదార్థం ఏ ఉష్ణోగ్రత దగ్గర తయారైందో, దాన్ని ఎన్నిసార్లు కడిగారో, ఏది కనిపిస్తే మీ ఊహ తప్పని తేలుతుందో తెలిసే వీలు లేదు. తన శక్తి మేరకు ఆయన శుభ్రంగా, స్పష్టంగా, నలుగురికీ చూపించదగినట్టుగా ఉన్న చోటు వెతికి చిత్రం తీసి ఇస్తారు. అందంగా ఉన్న చోటు వేరు, మీ ప్రశ్నకు సమాధానం ఉన్న చోటు వేరు. జింక్ ఆక్సైడ్ నానోకడ్డీలు తయారుచేస్తున్న ఒక విద్యార్థిని దగ్గర అంతకు ముందు వచ్చిన చిత్రాలన్నిటిలో చక్కటి ఆరుపలకల కడ్డీలే ఉండేవి. శిక్షణ పొంది, తానే సెమ్ (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ముందు కూర్చున్న రోజున ఆమె ముందుగా తక్కువ మాగ్నిఫికేషన్‌లో స్టబ్ (శాంపిల్‌ను అతికించే చిన్న లోహపు దిమ్మె) మొత్తం తిరిగి చూసింది. కడ్డీలు అక్కడక్కడ గుంపులుగా ఉన్నాయి. మిగతా చోటంతా పలుచటి రేకులు పరుచుకొని ఉన్నాయి. ఇంకా పూర్తిగా ఆక్సైడ్‌గా మారని జింక్ సమ్మేళనం అలా రేకులుగా మిగిలిపోతుందని ఆమెకు తెలుసు, ఆపరేటర్‌కు తెలియవలసిన అవసరం లేదు. ఆమె ప్రయోగంలో చర్య జరిగే సమయాన్ని పెంచవలసి ఉందన్న సంగతి అలా బయటపడింది. అంతకు ముందు వచ్చిన చిత్రాల్లో అబద్ధం ఏదీ లేదు. ఆ రేకులను వెతకవలసిన కారణం మాత్రం వాటిని తీసినవారికి లేదు.

ఈ పరికరాల చరిత్రలో మొదట వాడేవారూ తయారుచేసేవారూ ఒక్కరే. 1931లో బెర్లిన్‌లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా ఎలక్ట్రాన్ పుంజాన్ని అయస్కాంత కటకాలతో వంచి తొలి చిత్రాలు సాధించారు. ఆ కృషికి రుస్కాకు నోబెల్ బహుమతి రావడానికి 1986 దాకా పట్టింది. 1940వ దశకంలోనే కలకత్తాలో ఎన్.ఎన్. దాస్‌గుప్తా బృందం సొంతంగా ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ నిర్మించింది. 1965లో స్టీరియోస్కాన్ పేరుతో స్కానింగ్ మైక్రోస్కోప్ మార్కెట్లోకి వచ్చాక పరికరం కొనుక్కొనే వస్తువైంది, దానితోపాటు దాన్ని నడిపే ప్రత్యేక ఉద్యోగి కూడా వచ్చాడు. మన దేశంలో 1970వ దశకంలో కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ ప్రాంతీయ పరికరాల కేంద్రాలను నెలకొల్పింది. ఇప్పుడు వాటినే సైఫ్ (అధునాతన విశ్లేషణ పరికరాల) కేంద్రాలంటున్నాం. 2020 జనవరిలో ఐ-స్టెమ్ పోర్టల్ ప్రారంభమైన తర్వాత ప్రభుత్వ నిధులతో కొన్న పరికరం ఏ ఊళ్లో ఉన్నా, దాని వివరాలు చూసి సమయం కోరే వీలు కలిగింది. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ వంటి చోట్ల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు ఉన్నాయి. పరికరం దాకా వెళ్లే దారి వెడల్పయింది. దాని ముందున్న కుర్చీ దాకా వెళ్లే దారి ఇంకా ఇరుకుగానే ఉంది.

ఎందుకు ఇరుకుగా ఉందో కూడా న్యాయంగా చెప్పుకోవాలి. ఫీల్డ్ ఎమిషన్ సెమ్ ఒక్కటి కోట్ల రూపాయల ఖరీదు చేస్తుంది. ఆపైన ఏటా మెయింటెనెన్స్ ఒప్పందం, ఎప్పుడూ ఆగని ఎయిర్ కండిషనింగ్, యూపీఎస్, ప్రకంపనలు తగలని నేల, లిఫ్టుకీ మెట్రో మార్గానికీ దూరంగా ఉండే గది కావాలి. ఒక్కరి తొందరపాటు వల్ల అది పాడైతే కొన్ని నెలల పాటు వందల మంది పని ఆగిపోతుంది. అందుకే కొన్ని సంస్థలు విద్యార్థులను పరికరం దగ్గరికి రానివ్వవు. ఆ భయానికి ఆధారం ఉంది. నా దృష్టిలో దానికి విరుగుడు గదికి తాళం వేయడం కాదు, శిక్షణను కఠినం చేయడం. అందువల్ల ఇక్కడి శిక్షణ మీకు కొంత నెమ్మదిగా, కొంత చాదస్తంగా కూడా అనిపించవచ్చు. ఆ చాదస్తం కావాలని పెట్టుకున్నదే.

మొదటి రోజు మిమ్మల్ని మైక్రోస్కోప్ గదిలోకి తీసుకెళ్లం. శాంపిల్ తయారీ గదిలోనే ఉంటాం. నా అనుభవంలో చెడిపోయిన చిత్రాల్లో అధిక భాగం మైక్రోస్కోప్ దగ్గర చెడిపోయినవి కావు, ఈ గదిలో చెడిపోయినవే. చేతికి గ్లవ్స్ లేకుండా స్టబ్‌ను ముట్టుకుంటే వేళ్ల జిడ్డు దానికి అంటుకుంటుంది. ఆ జిడ్డులోని హైడ్రోకార్బన్లు లోపల వాక్యూమ్‌లో మెల్లగా ఆవిరై, ఎలక్ట్రాన్ పుంజం పడుతున్న చోటికి చేరి పేరుకుంటాయి. ఎక్కువ మాగ్నిఫికేషన్‌లో కాసేపు చూసి, మాగ్నిఫికేషన్ తగ్గించగానే మీరు చూసిన చోట నల్లటి చతురస్రం కనిపిస్తే అది ఆ మురికే. మీ శాంపిల్‌తో వచ్చిన మురికి మీతోనే పోదు, చాంబర్ గోడలకు అంటుకొని మీ తర్వాత వచ్చేవారి చిత్రాన్నీ చెడగొడుతుంది.

పొడి శాంపిళ్ల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఎక్కువ పొడి వేస్తే ఎక్కువ కనిపిస్తుందని కొత్తవారు అనుకుంటారు. అంగుళంలో సగం వెడల్పుండే అల్యూమినియం స్టబ్ మీద కార్బన్ టేప్ అతికించి, దాని మీద మంచి ముగ్గు వేసే చేయి పిండి రాల్చినంత పలుచగా పొడి చల్లాలి. స్టబ్‌ను పక్కకు వంచి తట్టి, రబ్బరు బల్బుతో గాలి ఊది, అతుక్కోని రేణువులన్నిటినీ వదిలించుకోవాలి. పొరలు పొరలుగా పేరుకున్న పొడిలో పై రేణువులకు టేప్ తగలదు. పుంజం మోసుకొచ్చిన చార్జ్ నేలకు దిగిపోయే దారి లేక అక్కడే నిలిచిపోతుంది, రేణువులు కదులుతాయి, కొన్ని ఎగిరిపోతాయి. ఇనుము, నికెల్, కోబాల్ట్ ఫెర్రైట్ వంటి అయస్కాంత పొడులైతే మరీ ప్రమాదం. కొన్ని పరికరాల్లో కటకపు అయస్కాంత క్షేత్రం శాంపిల్ దాకా విస్తరించే మోడ్ ఒకటి ఉంటుంది. ఆ మోడ్‌లో అలాంటి పొడి పెడితే అది నేరుగా కటకంలోకి లేచిపోతుంది. మీ దరఖాస్తు ఫారంలో 'శాంపిల్ అయస్కాంత గుణం కలదా' అన్న ప్రశ్న అందుకే పెట్టాం. దయచేసి ఆ గడిని ఖాళీగా వదలకండి.

తడి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బంకమట్టి, హైడ్రోజెల్, ఆకు ముక్క, నీటిని పీల్చుకొనే లవణాలు పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. వాక్యూమ్‌లో ఆ తడి వాయువై వస్తూనే ఉంటుంది, పంపు ఎంతసేపు తిరిగినా పీడనం దిగదు. వానాకాలంలో డెసికేటర్ (తేమ తగలకుండా దాచే మూత పాత్ర) నుంచి తీసి ఇక్కడికి తెచ్చే లోపలే కొన్ని శాంపిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అలాంటివాటిని ముందు రోజు రాత్రి వాక్యూమ్ ఓవెన్‌లో ఉంచి, సిలికా జెల్ వేసిన డబ్బాలోనే తీసుకురావాలి.

విద్యుత్తును ప్రవహింపజేయని శాంపిళ్లకు పలుచటి లోహపు పూత వేస్తాం. అది సాధారణంగా 5 నుంచి 10 నానోమీటర్లు ఉంటే చాలు. ఈ పూత గురించి నేను ప్రతి బృందానికీ పట్టుబట్టి చెబుతాను. బంగారం పూత నున్నగా పరుచుకోదు, చిన్నచిన్న దీవులుగా పేరుకుంటుంది. లక్ష రెట్ల మాగ్నిఫికేషన్‌లో ఆ దీవులు గుండ్రటి నానోకణాల్లాగే కనిపిస్తాయి. పాలిమర్ మీద వెండి నానోకణాలు వెతుకుతున్న విద్యార్థి అసలు తన శాంపిల్లో వెండి లేకపోయినా కణాలు చూడగలడు, వాటి సైజు కొలవగలడు, పట్టిక కూడా వేయగలడు. అందుకే అంత సూక్ష్మంగా చూడవలసి వస్తే ప్లాటినమో, బంగారం-పెల్లేడియం మిశ్రమమో వాడాలి. కణాలేమీ వేయని ఖాళీ పాలిమర్ ముక్కకు కూడా అదే పూత వేసి పక్కన పెట్టి చూడాలి. మూలకాల విశ్లేషణ చేయదలచినవారు కార్బన్ పూత కోరడం మేలు. పుంజం తగిలినప్పుడు ప్రతి మూలకం తనదైన శక్తి గల ఎక్స్‌రేలు వెలువరిస్తుంది, వాటిని బట్టే దాన్ని గుర్తిస్తాం. బంగారం ఎక్స్‌రే రేఖ 2.1 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. దానికి అటూ ఇటూ ఫాస్ఫరస్, గంధకం ఉన్నాయి. ఎముక మీదో ఎరువు మీదో పనిచేస్తున్నవారికి ఈ పొరుగుతనం ఎంత ఇబ్బందో వేరే చెప్పనక్కరలేదు.

ఇక పరికరం లోపలికి వద్దాం. ఎలక్ట్రాన్ గన్ ఉండే భాగంలో పీడనం వాతావరణ పీడనంలో దాదాపు లక్ష కోట్లలో ఒక వంతు స్థాయిలో ఉంటుంది. మన దగ్గరున్న గన్ కొన సుమారు 1800 కెల్విన్ వేడిలో రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది, సరిగా చూసుకుంటే ఏడాదికి పైగా పనిచేస్తుంది. మీరు శాంపిల్ చాంబర్ తలుపు తెరిచేటప్పుడు ఆ గన్‌కూ బయటి గాలికీ మధ్య ఉన్నది ఒక వాల్వ్ మాత్రమే. స్క్రీన్ మీద పచ్చ గుర్తు వచ్చే దాకా ఏ బటన్ నొక్కకూడదన్న నియమం అందుకే పెట్టాం.

పరికరానికి ప్రమాదం ఎక్కువగా జరిగేది స్టేజ్‌ను, అంటే శాంపిల్‌ను మోసే వేదికను, కదిపేటప్పుడు. పైనుంచి దిగే కటకపు కొనకు, అంటే పోల్ పీస్‌కు, మీ శాంపిల్‌కు మధ్య పని చేసేటప్పుడు ఉండే దూరం తరచుగా 5 నుంచి 10 మిల్లీమీటర్లే. బ్యాక్‌స్కాటర్ డిటెక్టర్‌ను (శాంపిల్ నుంచి వెనక్కి చెదిరిన ఎలక్ట్రాన్లను పట్టే పరికరాన్ని) లోపలికి తోస్తే ఆ ఖాళీలో కొన్ని మిల్లీమీటర్లు అదే ఆక్రమిస్తుంది. కొన్ని పరికరాల్లో మీరు శాంపిల్‌ను ఫోకస్ చేసి, ఆ దూరాన్ని స్టేజ్ ఎత్తుతో ముడిపెట్టే దాకా స్క్రీన్ మీద కనిపించే ఎత్తు అంకె నిజమైన ఎత్తు కాదు. ఒకే హోల్డర్ మీద ఎత్తూ పల్లంగా స్టబ్‌లు పెట్టి, పొట్టి స్టబ్‌ను చూసి ఎత్తు నిర్ణయించి, తర్వాత పొడుగు స్టబ్ వైపు స్టేజ్ కదిపితే ఏమవుతుందో ఊహించండి. అన్నిటికన్నా ఎత్తైన శాంపిల్‌నే ముందు ఫోకస్ చేయాలి. స్టేజ్ ఎత్తు మార్చేటప్పుడు, వంచేటప్పుడు కళ్లు చాంబర్ కెమెరా చిత్రం మీదే ఉండాలి, చేయి స్టాప్ బటన్ దగ్గర ఉండాలి. ఎవరితో మాట్లాడుతున్నా ఆ మాట అక్కడే ఆపాలి.

మీకు ఎక్కువ సమయం పట్టేది, ఎక్కువ విసుగు తెప్పించేది, చివరికి ఎక్కువ తృప్తినిచ్చేది ఫోకస్, స్టిగ్మేటర్ (పుంజం ఒక దిక్కుకు సాగిపోకుండా గుండ్రంగా సరిచేసే ఏర్పాటు) సాధన. కార్బన్ మీద తగరపు గోళాలున్న ప్రామాణిక శాంపిల్‌తో మొదలుపెడతాం, ఎందుకంటే గోళం గుండ్రంగా ఉండాలని అందరికీ తెలుసు. ఫోకస్‌ను కొద్దిగా కిందికి తిప్పగానే గోళాలన్నీ ఒక దిక్కుకు సాగుతాయి. పైకి తిప్పితే దానికి అడ్డంగా సాగుతాయి. మధ్యలో ఎటూ సాగవు కానీ మసకగా ఉంటాయి. ఆ మసక దగ్గరే కొత్తవారు ఫోకస్ నాబ్‌ను అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోతారు. నిజానికి అక్కడ ఫోకస్‌ను వదిలేయాలి. ఎక్స్ స్టిగ్మేటర్ తిప్పి అంచులు అత్యంత పదునుగా కనిపించిన చోట ఆపాలి, తర్వాత వై స్టిగ్మేటర్, ఆ తర్వాత మళ్లీ ఫోకస్. ఇలా రెండు మూడు విడతలు చేస్తే గోళపు అంచు ఒక్కసారిగా తేటపడుతుంది. అయినా చిత్రం తేటపడకపోతే అపెర్చర్, అంటే పుంజం దూరి వచ్చే సన్నటి రంధ్రం, మధ్యలో లేదన్నమాట. వాబ్లర్ (ఫోకస్‌ను తనంతట తానే కొద్దిగా పైకీ కిందికీ మార్చే ఏర్పాటు) వేసినప్పుడు చిత్రం పక్కలకు ఊగుతుంటే అపెర్చర్‌ను జరపాలి. ఊగడం ఆగి, ఉన్న చోటే ఉబ్బి తగ్గుతుంటే అది కుదిరినట్టు. ఈ మూడింటినీ ఏ క్రమంలో పట్టుకోవాలో చేతికి వచ్చిన రోజు నుంచి మీరు పరికరానికి భయపడరు.

ఫోకస్ దోషాన్ని, చార్జింగ్‌ను వేరుచేసి గుర్తుపట్టడం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. "సార్, ఎంత తిప్పినా ఫోకస్ కావడం లేదండీ" అని పిలిచిన విద్యార్థి స్క్రీన్ చూస్తే చాలాసార్లు చిత్రం మీద అడ్డంగా తెల్లటి చారలు ఉంటాయి, చిత్రం ఒక పక్కకు జారిపోతూ ఉంటుంది. అది ఫోకస్ సమస్య కాదు. శాంపిల్ మీద చార్జ్ నిలిచి, లోపలికి వస్తున్న పుంజాన్నే పక్కకు తోస్తోంది. నాబ్ తిప్పడం ఆపి, వోల్టేజీ తగ్గించి, పుంజంలోని కరెంటు తగ్గించి, వేగంగా స్కాన్ చేసి అనేక ఫ్రేముల సగటు తీసుకుంటే చాలావరకు కుదురుతుంది. అప్పటికీ కుదరకపోతే శాంపిల్‌ను బయటికి తీసి పూత సంగతి చూడాలి.

వోల్టేజీ గురించి ఒక అపోహ బలంగా పాతుకుపోయింది. ఎక్కువ కిలోవోల్టులు పెడితే మంచి చిత్రం వస్తుందని చాలా ప్రయోగశాలల్లో సీనియర్లు జూనియర్లకు చెబుతున్నారు. సిలికాన్‌లో 20 కిలోవోల్టుల ఎలక్ట్రాన్లు నాలుగైదు మైక్రోమీటర్ల లోతు దాకా చెదిరిపోతాయి, 5 కిలోవోల్టులైతే అర మైక్రోమీటర్ దాటవు. మీరు 100 నానోమీటర్ల పలుచటి పొరను చూడదలచుకొని 20 కిలోవోల్టులు పెడితే, మీకు వచ్చే సమాచారంలో అధిక భాగం ఆ పొర కింద ఉన్న ఆధారానిదే. ఉపరితలపు సున్నితమైన గీతలు కనబడవలసిన చోట అవి పారదర్శకమైపోయి లోపలివి కనిపిస్తాయి. కాబట్టి ఒకే చోటును 2, 5, 10, 20 కిలోవోల్టుల దగ్గర తీసి నాలుగు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి, తేడాలను మీ మాటల్లో రాసి ఇవ్వడం ఇక్కడ తప్పనిసరి అభ్యాసం. దీన్ని తూతూమంత్రంగా చేసినవారిని తర్వాతి దశకు పంపం.

ఈడీఎస్ విశ్లేషణకు, అంటే ఎక్స్‌రేలను బట్టి మూలకాలను గుర్తించే పనికి వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ మరీ సులువుగా పని చేసిపెడుతుంది. మీట నొక్కగానే మూలకాల పేర్లు, రెండు దశాంశ స్థానాలతో శాతాలు వచ్చేస్తాయి. గంధకం రేఖ 2.31 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, మాలిబ్డినం ఎల్ రేఖ 2.29 దగ్గర, సీసం ఎమ్ రేఖ 2.34 దగ్గర ఉంటాయి. డిటెక్టర్ గీసే గ్రాఫ్‌లో ఈ మూడూ ఒకే మెట్టగా కనిపిస్తాయి. మాలిబ్డినం డైసల్ఫైడ్ తయారుచేశానని చెబుతున్న విద్యార్థికి అందులో గంధకం నిజంగా ఎంత ఉందో ఆ ఒక్క మెట్టను చూసి సాఫ్ట్‌వేర్ తేల్చలేదు, ఊహించి పంచిపెడుతుంది. మాలిబ్డినం ఉందని రూఢి చేసుకోవాలంటే 17.4 దగ్గర దాని కె రేఖ కనబడాలి. అది రావాలంటే 20 కిలోవోల్టులు దాటిన పుంజం కావాలి. గంధకం పాలు తేల్చడానికి కూర్పు తెలిసిన ప్రామాణిక శాంపిల్‌తో పోల్చాలి, లేదా వేరే పద్ధతికి వెళ్లాలి. స్టబ్ నుంచి వచ్చిన అల్యూమినియాన్నీ, టేప్ నుంచి వచ్చిన కార్బన్‌నూ శాంపిల్ లెక్కలో కలిపేసి, మొత్తం 100 శాతానికి సరిపెట్టిన పట్టికలు ఎన్నో అచ్చవుతున్నాయి. తాను స్వయంగా పరికరం ముందు కూర్చున్న మనిషి ఆ స్టబ్‌ను చూసి ఉంటాడు కాబట్టి, ఆ అల్యూమినియం ఎక్కడిదో అతనికి వెంటనే తడుతుంది.

టెమ్ (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) శిక్షణ గురించి ఈరోజు క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే సెమ్ మీద కొంతకాలం స్వతంత్రంగా పనిచేసినవారినే దానికి తీసుకుంటాం. అక్కడ శాంపిల్ 3 మిల్లీమీటర్ల గ్రిడ్ మీద, 100 నానోమీటర్లకు మించని మందంతో ఉండాలి. హోల్డర్‌ను లోపలికి పంపేటప్పుడు ఓ-రింగ్ (గాలి చొరబడకుండా ఆపే రబ్బరు చుట్ట) మీద ఒక్క నూలుపోగు ఉన్నా వాక్యూమ్ కారుతుంది. జీవశాస్త్ర విద్యార్థులకు అదనంగా రసాయనాల శిక్షణ ఉంటుంది. కణజాలాన్ని స్థిరపరచడానికి వాడే ఆస్మియం టెట్రాక్సైడ్ ఆవిరి కళ్లకు హాని చేస్తుంది, రంగు పట్టించడానికి వాడే యురేనిల్ అసిటేట్ విషపూరితం, పైగా కొద్దిపాటి రేడియోధార్మికత కలది. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే గూడు) బయట వాటి మూత తీసినవారికి ఈ కేంద్రంలో ప్రవేశం ఉండదు. ఈ విషయంలో ఏ గైడు సిఫారసూ పనిచేయదు.

పర్యవేక్షణలో కొన్ని సెషన్లు పూర్తయ్యాక పరీక్ష ఉంటుంది. పరీక్షకుడు ముందుగానే అపెర్చర్‌ను పక్కకు జరిపి, స్టిగ్మేటర్లను చెడగొట్టి ఉంచుతారు. మీరు వచ్చి, శాంపిల్ ఎక్కించి, స్థితిని అర్థం చేసుకొని, సరిచేసి, అడిగిన చిత్రం తీసి, పరికరాన్ని యథాస్థితికి తెచ్చి అప్పగించాలి. చిత్రం ఎంత గొప్పగా వచ్చిందన్నదానికి మేము తక్కువ మార్కులే ఇస్తాం. పీడనం ఎందుకు దిగడం లేదో అర్థంకాని స్థితిలో ఏదో ఒక బటన్ నొక్కి చూసేవారిని ఆపేస్తాం. "ఇక్కడ ఏం జరుగుతోందో నాకు తెలియడం లేదు, ఆపి మిమ్మల్ని పిలుస్తున్నాను" అన్నవారు ఆ అంశంలో ఉత్తీర్ణులు. స్వతంత్రంగా పనిచేసే అనుమతి ఇచ్చేటప్పుడు మేము నమ్మేది ముఖ్యంగా మీ ఆ నిర్ణయాన్నే. అనుమతి కూడా మొదట పగటి వేళలకే, సిబ్బంది పిలిస్తే పలికే దూరంలో ఉన్నప్పుడే. రాత్రి వేళల అనుమతి తర్వాతి మెట్టు, అప్పుడు కూడా భవనంలో మీతోపాటు మరొకరు ఉండి తీరాలి. కొన్ని నెలలు పరికరం ముట్టుకోకపోతే మళ్లీ ఒక పర్యవేక్షిత సెషన్ చేయాలి. చేతి అలవాటు త్వరగా పోతుంది కాబట్టి ఇందులో చిన్నతనం అనుకోవలసింది ఏమీ లేదు.

లాగ్‌బుక్ విషయంలో నాకు రాజీ లేదు. మీరు వచ్చినప్పుడు గన్ కరెంటు ఎంత ఉంది, చాంబర్ పీడనం ఎంత ఉంది, ఏ శాంపిల్ పెట్టారు, ఏ ఇబ్బంది వచ్చింది అన్నవి సిరాతో రాయాలి. శాంపిల్ జారి చాంబర్లో పడితే పడిందని రాసి, పరికరాన్ని ఆపి, మాకు ఫోన్ చేయండి. ఏ వేళైనా ఫరవాలేదు. అలా చెప్పినందుకు ఎవరినీ మందలించం, జరిమానా వేయం, గైడుకు ఫిర్యాదు చేయం. దాచిపెట్టిన సంగతి తర్వాత బయటపడితే మాత్రం అనుమతి రద్దవుతుంది. తప్పు జరిగిందని ఒప్పుకున్నవారిని శిక్షించే చోట ప్రతి తప్పూ లోపలే ఉండిపోయి, చివరికి అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలియదు. అలాగే మీ లాగిన్‌ను పక్క ల్యాబ్ స్నేహితుడికి ఇవ్వకండి. శిక్షణ పొందని స్నేహితుడి పని తొందరగా అవుతుందేమో కానీ, మీకు ఇచ్చిన నమ్మకాన్ని మీరు ఇంకొకరికి అప్పు ఇవ్వడం కుదరదు.

విద్యార్థులే నడిపితే ఆపరేటర్లకు పనేముంటుందని కొందరు అధికారులు అడుగుతుంటారు. ఈ సభలో ఉన్న మా సాంకేతిక సిబ్బంది ముందు దీనికి స్పష్టంగా సమాధానం చెప్పాలి. రోజూ ఒకే రకం పొడి శాంపిళ్లను చూసి చిత్రాలు పంపడం వారి నైపుణ్యానికి తగిన పని కాదు. పంపు శబ్దం విని, చిత్రపు అంచు చూసి పరికరం ఆరోగ్యం చెప్పగలిగినవారు వారు. ఆ జ్ఞానం ఏ మాన్యువల్‌లోనూ లేదు. దాన్ని నేర్పించడానికి, కష్టమైన శాంపిళ్లకు కొత్త పద్ధతులు కనిపెట్టడానికి వారికి సమయం దొరకాలంటే మామూలు పని మీరు నేర్చుకొని చేసుకోవాలి. వారు మీకు గురుస్థానంలో ఉన్నవారు. వారి పేరు మీ వ్యాసాల్లో కృతజ్ఞతల దగ్గర తప్పక ఉండాలి, వారి ఆలోచన మీ ఫలితాన్ని మలుపు తిప్పితే రచయితల వరసలోనే ఉండాలి.

చిత్రాలు దాచుకొనే పద్ధతి గురించి కొన్ని మాటలు. మాగ్నిఫికేషన్ తక్కువలో మొదలుపెట్టి, స్టబ్ మీద దూరదూరంగా ఉన్న చోట్లు ముందే నిర్ణయించుకొని, అక్కడ ఏది ఉంటే అది తీయండి. మీకు నచ్చనివీ దాచండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే అసలు టిఫ్ ఫైళ్లలోనే వోల్టేజీ, దూరం, డిటెక్టర్ వివరాలన్నీ ఉంటాయి. వాటిని జేపెగ్‌గా మార్చి వాట్సాప్‌లో పంపుకొని, అసలును తుడిచేస్తే రేపు ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు.

ఇంట్లో కూర్చొని ముందుగా సాధన చేయదలచినవారికి మైక్రోస్కోపీ ఆస్ట్రేలియా సంస్థ నడిపే మైస్కోప్ అనే ఉచిత వెబ్ శిక్షణ ఉంది. అందులో సెమ్ నాబ్‌లను తిప్పి చూసే సిమ్యులేటర్ కూడా ఉంది. నిజమైన పరికరం ముందు కూర్చొనే సమయం అందరికీ విలువైనది కాబట్టి, అది చేసి వచ్చినవారికి ఇక్కడి మొదటి సెషన్ చాలా తేలికవుతుంది.

ఇక మిగిలిన ప్రశ్న బయటి ఊళ్ల విద్యార్థులది. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో రాత్రి ప్రయాణం చేసి వచ్చి, సాయంత్రం మళ్లీ బయలుదేరవలసిన విద్యార్థికి ఈ దశలన్నీ ఎలా సాధ్యమని కొందరు ఆచార్యులు ఉత్తరాలు రాశారు. వారి బాధ న్యాయమైనది. స్వతంత్ర అనుమతి వారందరికీ ఇవ్వలేం. కానీ శాంపిల్ పంపి చిత్రం తెప్పించుకోవడానికీ, స్వతంత్రంగా నడపడానికీ మధ్య ఇంకో దారి ఉంది. అలాంటివారు శాంపిల్ తయారీ గదిలో ఒక పూట మాతో పనిచేసి, స్టబ్ తామే సిద్ధం చేసుకుంటారు. సెషన్‌లో ఆపరేటర్ పక్కన కూర్చొని, ఎటు కదపాలో, ఎక్కడ ఆగాలో, ఏ వోల్టేజీ పెట్టాలో తామే చెబుతారు. నాబ్ మాత్రం ఆపరేటర్ చేతిలో ఉంటుంది. రాలేనివారు తమ ఊరి నుంచే స్క్రీన్ చూస్తూ ఫోన్‌లో మాట్లాడే ఏర్పాటు చేస్తున్నాం. అందుకోసం ప్రతి వారం కొన్ని గంటలు కేవలం బయటి విద్యార్థులకే కేటాయించాం. ఆ గంటల్లో మన క్యాంపస్‌వారు ఎంత అవసరమున్నా బుక్ చేసుకోకూడదు. బుకింగ్ క్యాలెండర్‌లో ఆ గడులు వేరే రంగులో కనిపిస్తాయి.